అయిపోయింది అని చెప్పేవాళ్లు కావాలి

బాపట్ల,
ఆదివారం మధ్యాహ్నం

చిట్టితల్లీ,

మీ పెదనాన్నకి కుడికంటి శుక్లం ఆపరేషన్ బాగానే అయింది. నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చున్నారు. పేపరు చదవనివ్వట్లేదని నా మీద విసుగు, చుక్కల మందు వేస్తానంటే తల తిప్పుకోవడం. నువ్వేం కంగారుపడి సెలవు పెట్టి బయల్దేరకు. మాగాయ, గోంగూర పచ్చడి సీసాల్లోకి తీసి ఉంచాను. హైదరాబాదు వచ్చేవాళ్లు ఎవరైనా దొరికితే పంపిస్తాను.

మొన్న రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడ్చిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. చేతిలోంచి టాబ్ లాక్కుంటే వాసు నిన్ను కొట్టాడనీ, 'నువ్వంటే నాకిష్టం లేదు' అన్నాడనీ చెప్పావు. ఎనిమిదేళ్ల వెధవ అన్న మాట పట్టుకుని రాత్రంతా మేలుకుంటావుటే? పొద్దున లేచేసరికి వాడికి గుర్తు కూడా ఉండి ఉండదు. అయినా కన్నకొడుకు అలా అంటే గుచ్చుకోదా మరి, గుచ్చుకుంటుంది. ఇది ఫోన్‌లో నాలుగు ముక్కల్లో తేలేది కాదని కాగితం తీశాను. వాట్సాప్‌లో పంపితే సగం చదివి ఆఫీసు మెసేజీలోకి పోతావు. ఇది చివరిదాకా చదువు.

కంటాసుపత్రిలో ఒక సంగతి చూశాను. శుక్లాల కోసం వచ్చిన మా ముసలివాళ్లం ఒక పక్క బెంచీల మీద, అద్దాల కోసం వచ్చిన బడిపిల్లలు ఇంకో పక్క. మా పక్క కంటే అటే రద్దీ. వాసుకి కూడా నల్లబల్ల మీది అక్షరాలు మసగ్గా కనిపిస్తున్నాయని మిస్సు చెప్పిందన్నావు కదా, ఈ నెలలోనే చూపించు. వాయిదా వెయ్యకు. దూరపు చూపు తగ్గడానికి ఫోను ఒక్కటే కారణం కాదు. ఎప్పుడూ దగ్గరి వస్తువునే చూడటం ఒకటి, పగటి వెలుతురులో తిరగకపోవడం ఒకటి. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బళ్లలో ఒకటో తరగతి పిల్లలకి రోజూ 40 నిమిషాల ఆరుబయటి పీరియడ్ అదనంగా పెట్టి మూడేళ్లు గమనించారు. మామూలు బళ్లలో 100 మందిలో దాదాపు 40 మందికి హ్రస్వదృష్టి వస్తే, ఈ బళ్లలో 30 మందికి వచ్చింది. 2015లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇంట్లో ట్యూబులైటు కింద వెలుతురు కొన్ని వందల లక్స్ ఉంటుంది. పగటిపూట చెట్టునీడలో కూడా వేలల్లో ఉంటుంది. ఎదిగే కంటికి ఆ వెలుతురు కావాలి.

అందుకని రోజూ రాత్రి 'ఇవాళ ఎంతసేపు చూశాడు' అని లెక్కపెట్టుకుని కుమిలిపోకుండా, 'ఇవాళ ఎంతసేపు బయట ఉన్నాడు' అని లెక్క మొదలుపెట్టు. మీ అపార్టుమెంటు కింద కార్లు తప్ప చోటు లేదంటావు, నిజమే. బడి బస్సు దిగాక తిన్నగా లిఫ్టులోకి తీసుకెళ్లకుండా, ఆ సందు చివరి పార్కు దాకా నడిపించు. పాలప్యాకెట్టుకీ కొత్తిమీరకీ వాణ్ని వెంట పెట్టుకు వెళ్లు. సైకిలు కొనిస్తానని ఏడాది నుంచీ అంటున్నావు. ఆ టాబ్ మాత్రం ఒక్క రోజులో కొనేశారు! సరేలే, ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో కొన్నారు, అప్పుడు ఇంకో దారి లేదు. మిమ్మల్ని తప్పుపట్టట్లేదు.

మా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్తాను. 1975లో నేను అయిదో తరగతి. ఆ ఏడాది అమెరికావాళ్ల ఉపగ్రహం సాయంతో మన ప్రభుత్వం ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లకి టీవీ చూపించింది. సరిగ్గా ఒక్క ఏడాది. మీ తాతయ్య పనిచేసే ఊరు అందులో ఉంది. పొద్దున బడిపిల్లల కార్యక్రమం వచ్చేది, అరగంట కూడా ఉండేది కాదు. ఒకళ్లమీద ఒకళ్లం పడి నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. అయిపోగానే తెర మీద ఏమీ ఉండేది కాదు. లేచి తరగతిలోకి పోయేవాళ్లం. తర్వాత మీ అమ్మ కాలేజీలో చేరిన రోజుల్లో, 1987లో రామాయణం, ఆ తర్వాత మహాభారతం. ఆదివారం పొద్దున వీధంతా మన ముందుగదిలోనే. చివర పేర్లు పడటం మొదలవగానే చాప దులిపి ఎవరిళ్లకి వాళ్లు. మళ్లీ వారం దాకా ఆ ఊసు లేదు.

మేమేదో నిగ్రహం ఉన్న పిల్లలమని చెప్పట్లేదమ్మా. ఇరవైనాలుగు గంటలూ వచ్చి ఉంటే మేమూ అలాగే అతుక్కుపోయేవాళ్లం. మమ్మల్ని ఎవరూ ఆపక్కర్లేకపోయింది, అదే ఆగిపోయేది. నీకు చెప్పాలనుకున్న అసలు మాట ఇదే. ఇప్పటి ఫోనుకి 'అయిపోయింది' అనేది లేదు. కావాలనే తీసేశారు. వేలితో నెట్టేకొద్దీ అడుగన్నది రాకుండా పేజీ సాగిపోయే పద్ధతిని 2006లో ఏజా రాస్కిన్ అనే ఆయన తయారుచేశాడు. ఎందుకు చేశానా అని తర్వాత ఆయనే బాధపడ్డాడు. ఒక వీడియో అవగానే దానంతటదే ఇంకోటి మొదలవడమూ ఆ బాపతే. చూసేవాడు ఎంతసేపు కూర్చుంటే వాళ్లకి ప్రకటనల మీద అంత రాబడి. నువ్వూ అల్లుడూ ఆ రంగంలోనే ఉన్నారు, నాకంటే మీకే బాగా తెలియాలి. ఆఖరి స్టాపు లేని బస్సు ఎక్కించి, దిగవేంరా అని చెవి మెలిపెడితే పిల్లాడేం చేస్తాడే?

కాబట్టి ఆ 'అయిపోయింది' అనేదాన్ని ఇంట్లోవాళ్లే పెట్టాలి. పెట్టడానికీ ఒక తీరు ఉంది. నువ్వు వంటింట్లోంచి 'ఇంకో రెండు నిమిషాలే' అని అరుస్తావు, తర్వాత ఇంకో రెండు, ఆ తర్వాత వచ్చి లాక్కుంటావు. 2016లో అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు పసిపిల్లలున్న ఇళ్లలో ఇదే పరిశీలించారు. రెండు నిమిషాలు అని ముందుగా హెచ్చరించిన చోట గొడవ తగ్గకపోగా పెరిగిందట. చూస్తున్నది దానంతటది పూర్తయినప్పుడో, రోజూ అదే వేళకి ఆపే అలవాటున్నప్పుడో పిల్లలు తేలిగ్గా లేచారట. నేను పాఠాలు చెప్పిన తరగతిలోనూ అంతే చూశాను. గంట కొడితే అల్లరి పిల్లలు కూడా పుస్తకం మూసేవాళ్లు. నేను 'ఇక చాలు' అంటే మాత్రం బేరమే.

వాసుకి నిమిషాల్లో చెప్పకు, ముక్కల్లో చెప్పు. 'రెండు ఎపిసోడ్లు', 'ఒక మ్యాచ్', అంతే. మొదలుపెట్టక ముందే చెప్పు, వాడి నోటితో చెప్పించు. కథ మధ్యలో లాక్కోకు. మంచి సినిమా ఇంటర్వెల్ తర్వాత కట్టేస్తే నువ్వు ఊరుకుంటావా? తర్వాతి వీడియో దానంతటదే వచ్చే మీటని ఇవాళే ఆపెయ్యి. యూట్యూబ్ కిడ్స్‌లో మనం ఎంచి పెట్టినవే కనిపించేలా పెట్టుకోవచ్చట, వెతకడం కూడా ఆపేయొచ్చట. ఒక ఆదివారం అల్లుణ్ని కూర్చోబెట్టి అది చేయించు. వీలైనంతవరకు చేతి ఫోన్లో కాకుండా హాల్లో టీవీ మీద చూడనీ. తెర దూరంగా ఉంటుంది, వాడేం చూస్తున్నాడో పోతూ వస్తూ నీ చెవిన పడుతుంది.

ఆపాక ఏముంది? అది ముందే సిద్ధంగా ఉండాలి. టాబ్ పక్కన పెట్టి ఖాళీ గోడవైపు చూడమంటే ఏ పిల్లాడూ ఒప్పుకోడు. వెల్లుల్లి రెబ్బలు వలవమను. కుక్కరు కూతలు లెక్కపెట్టమను. పుల్లారెడ్డి మిఠాయి డబ్బా మూత మీద అష్టాచెమ్మా గళ్లు గీసి, చింతపిక్కలు అరగదీసి పందెం వెయ్యి. మొదటి వారం ఏడుస్తాడు. 'ఏం తోచట్లేదు' అని నీ కొంగు పట్టుకుని తిరుగుతాడు. తిరగనీ. తోచకపోవడం జబ్బు కాదు. కాస్త ఓర్చుకుంటే ఏదో ఒకటి వాడే కనిపెడతాడు, నీకు నచ్చేది కాకపోవచ్చు. సోఫా దిండ్లన్నీ కిందికి లాగితే కోప్పడకు.

ఇక నీ చిన్నది, పండు. ఈ విషయంలో నాకు నోరెత్తే అర్హత లేదు. వేసవిలో మీరొచ్చినప్పుడు అది అన్నం ముట్టట్లేదని, నువ్వు స్నానానికి వెళ్లిన సందు చూసి ఫోన్లో పాట పెట్టి గబగబా గిన్నెడు తినిపించింది నేనే. నా ఘనతే అనుకున్నాను. నాలుగో రోజుకి ఫోన్ చూపిస్తే గానీ నోరు తెరవడం మానేసింది. నువ్వు మీ అత్తగారిని అనుమానించావు. పాపం ఆవిడది కాదు ఆ తప్పు.

చందమామని చూపించి తినిపించడం మరిపించడం కాదా అని నువ్వు అడగొచ్చు. మరిపించడమే. కానీ చందమామ రెండు సెకన్లకోసారి రంగు మార్చదు. ముద్ద ముద్దకీ తినిపించే మనిషి మొహం చూస్తుంది పిల్ల, మాట వింటుంది, చాలైతే తల తిప్పుతుంది. ఫోన్ ముందు కడుపు నిండిన సంగతి కూడా దానికి తెలియదు. మాటలూ అంతే. 2003లో అమెరికాలో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త తొమ్మిది నెలల పిల్లలకి చైనా భాష వినిపించి చూసింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాష ధ్వనుల్లో తేడాలు పసిగట్టారు. అదే మనిషి టీవీలో కనిపించి అవే మాటలంటే ఏమీ పట్టుబడలేదు. ఏబీసీడీ పాటలు చూస్తే తొందరగా మాటలొస్తాయని నీకెవరో చెప్పారన్నావు. రావు. నువ్వు కూర తరుగుతూ 'ఇది బెండకాయ, చూడు జిగురు' అంటే వస్తాయి.

మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, చెప్పిన లెక్క ఇది. రెండేళ్లలోపు అసలు వద్దు. రెండు నుంచి అయిదేళ్ల దాకా రోజుకి గంట మించకూడదు. అయిదు నుంచి పదేళ్ల దాకా రెండు గంటల లోపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పసిపిల్లల గురించి చెప్పింది కూడా దాదాపు ఇంతే. పండుకి ఇంకా రెండు నిండలేదు కాబట్టి దాని సంగతి తేలిక: వద్దంటే వద్దే. మీ మరిదితో అమెరికాకి వీడియో కాల్ మాట్లాడటం దీని కిందికి రాదు, అందులో అటువైపు మనిషి ఉన్నాడు. ముద్దులు పెట్టనీ, కేకలెయ్యనీ.

రాత్రిళ్లు మాత్రం గట్టిగా ఉండు. పడుకునే గంట ముందు అన్నీ ఆగిపోవాలి. తెర వెలుతురు నిద్రని వెనక్కి నెడుతుంది, చూసిన ఆటలోని ఉద్రేకం ఇంకాస్త నెడుతుంది. ఛార్జింగు హాల్లో పెట్టు, అందరివీ. అలారం కోసం ఫోన్ పక్కన ఉండాలంటావు, నాకు తెలుసు. వచ్చేటప్పుడు బల్ల గడియారం ఒకటి కొనిస్తాను, సరేనా?

హోమ్‌వర్కు వాట్సాప్‌లో వస్తోందని వాడు ఫోన్ అడుగుతాడు. రాసేది పది నిమిషాలు, తర్వాత గంటసేపు ఫోను వాడి చేతిలోనే. ఆ మెసేజీ నువ్వు చూసి కాగితం మీద రాసివ్వు. రోజూ కుదరకపోతే బడిలోనే డైరీలో రాయించమని పేరెంట్స్ మీటింగులో అడుగు. మొహమాటపడకు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, అడిగితేనే మేం వింటాం.

ఫోన్‌ని బహుమతి చెయ్యకు, శిక్ష కూడా చెయ్యకు. 'లెక్కలు చేస్తే గంట ఇస్తా', 'అన్నం వదిలేస్తే వారం కట్' అన్నావంటే, ఇంట్లో అన్నిటికంటే విలువైన వస్తువు అదేనని నువ్వే వాడికి నేర్పినట్టు. దానికి ఒక వేళ ఉంది, ఆ వేళకి వస్తుంది, పోతుంది. స్నానంలాగే దాన్నీ రోజువారీ పనుల్లో ఒకటి చెయ్యి.

కోపం రాకుండా విను, ఇంకోమాట. వేసవిలో మీ ఆయన అన్నం తింటున్నంతసేపూ ఎడమచేత్తో ఫోన్ నెడుతూనే ఉన్నాడు. నువ్వు పండుకి జడ వేస్తూ మెసేజీలు చదివావు. ఆఫీసు పని ఇంటికొచ్చింది, ఏం చేస్తారులే. కానీ ఆ ఫోన్లో నువ్వు జీతం పని చేస్తున్నావో, చీరలు చూస్తున్నావో వాడికెలా తెలుస్తుంది? పైకి చెప్పు: 'మేనేజరుకి జవాబిస్తున్నా, అయిపోగానే పెట్టేస్తా'. చెప్పినట్టే పెట్టెయ్యి. 'అయిపోయింది' అని అమ్మ అనగలదని వాడు కళ్లారా చూడాలి.

మీ అత్తగారి జోలికి నువ్వు వెళ్లకు. మోకాళ్ల నొప్పులతో ఇద్దరు పిల్లల్ని సాయంత్రం దాకా చూసుకుంటోంది, ఓపిక అయిపోయి టీవీ పెడితే ఆవిడ తప్పేముంది? చెప్పాల్సింది వాళ్లబ్బాయి, నువ్వు కాదు. అది కూడా 'ఫోన్ ఇవ్వొద్దు' అని కాదు, 'అమ్మా, నాలుగింటికి ఒక్క కార్టూన్ పెట్టు, అది అయ్యాక వాచ్‌మన్ గారి అమ్మాయి వచ్చి వీళ్లని కిందికి తీసుకెళ్తుంది' అని. ఆ పిల్ల చేతిలో నెలకి ఎంతో కొంత పెట్టండి. ఓటీటీలకి కట్టే డబ్బుతో అయిపోతుంది.

భయపడాల్సింది ఎప్పుడో కూడా చెప్తాను. అన్నం, నిద్ర, బడి, స్నేహితులు అన్నీ వదిలేసి అదొక్కటే కావాలంటున్నా, అబద్ధాలాడి దాచి చూస్తున్నా, ఆపితే తనకో ఎదుటివాళ్లకో దెబ్బ తగిలేలా ప్రవర్తిస్తున్నా ఆలస్యం చెయ్యకూడదు. అలా అదుపు తప్పినవాళ్ల కోసమే బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఒక క్లినిక్ నడుస్తోంది. ఇంట్లోంచే మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. వాసు అంత దూరం పోలేదు. రెండు రోజులు ఆడుకోవడానికి తోడు దొరికితే టాబ్ ఎక్కడుందో మర్చిపోయే రకం వాడు, మొన్న వేసవిలో ఇక్కడ నా కళ్లతో చూశాను. పండుకి మాత్రం రెండేళ్లు నిండేసరికి రెండు మాటలు కలిపి అనకపోతే పిల్లల డాక్టరుకి చూపించు.

ఇవన్నీ ఒక్కసారే మొదలుపెట్టి ఇల్లు జైలు చెయ్యకు. నీ సంగతి నాకు తెలుసు, చార్టు గీసి ఫ్రిజ్‌కి అంటించి మూడో రోజుకి నువ్వే విసుగొచ్చి చించేస్తావు. ఈ వారం ఒక్కటే చెయ్యి. కంచం ముందు ఫోన్ ఉండకూడదు, ఎవరికీ, మీ ఆయనతో సహా. అది కుదురుకున్నాక రాత్రి సంగతి, ఆ తర్వాత మిగతావి. మధ్యలో ఒకరోజు జ్వరమొచ్చో, బాగా అలిసిపోయో నువ్వే ఫోన్ చేతిలో పెట్టేస్తావు. పెట్టెయ్యి. మర్నాడు మళ్లీ మామూలు. దానికి మాత్రం ఏడవకు.

వాసుకి ఓ కాగితం ఇచ్చి, వాడు ఆడే ఆ తుపాకుల ఆట ఏమిటో, అందులో గెలవడం ఎలాగో నాకు ఉత్తరం రాయమను. తప్పులున్నా దిద్దకు, అలాగే పోస్టు చెయ్యి. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడితో కూర్చుని నేనూ ఆడతానని చెప్పు. ఒక్క ఆట. అది అయిపోగానే ఇద్దరం లేచి గాలిపటాలకి మాంజా కొనడానికి వెళ్లాలి, ఆ ఒప్పందం కూడా ముందే చెప్పు.

అల్లుణ్నీ, మీ అత్తగారినీ అడిగానని చెప్పు. పిల్లలకి ముద్దులు.

నీ
పెద్దమ్మ